ట్యాగ్ చేస్తే ఒక్క రోజు, అర్జీ పెడితే ఏడాది: ఈ పద్ధతి మనకు మంచిదేనా?

ప్రశ్న: కాలనీవాసి

మాది ఉత్తర తెలంగాణలోని ఒక చిన్న పట్టణం. మా వీధి చివర మురుగు కాలువ మీది స్లాబులు కుంగిపోయి, రెండుచోట్ల పూర్తిగా విరిగి ఏడాది దాటింది. కాలనీ సంఘం తరఫున పురపాలక కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. సోమవారం ప్రజావాణికి వెళ్లి కలెక్టరేట్‌లోనూ ఇచ్చాం. రసీదు చేతికిచ్చి, సంబంధిత శాఖకు పంపుతున్నామన్నారు. కొన్నాళ్ల తరువాత ఆన్‌లైన్‌లో చూసుకుంటే మా అర్జీ ఎదురుగా ‘పరిష్కారమైంది’ అని ఉంది. కాలువ దగ్గర మాత్రం విరిగిన స్లాబులు విరిగినట్టే ఉన్నాయి.

ఈ వానాకాలంలో మా ఎదురింటి కుర్రవాడొకడు, బడిపిల్లలు ఆ కాలువ అంచునుంచి నడిచి వెళ్తుండగా అరనిమిషం వీడియో తీసి ఎక్స్‌లో పెట్టాడు. మంత్రిగారిని, కలెక్టరుగారిని, హైదరాబాదునుంచి నడిచే కొన్ని వార్తా పేజీలను ట్యాగ్ చేశాడు. వాటిలో ఒక పేజీ ఆ వీడియోను పంచుకుంది. మరునాడు పొద్దున్నే జేసీబీ వచ్చింది, సాయంత్రానికి కొత్త స్లాబులు పడ్డాయి, వాటి పక్కన నిలబడి దిగిన ఫొటోతో సమస్య తీరిందని అధికారులు జవాబు కూడా పెట్టారు.

సంతోషించవలసిన విషయమే. అయితే మా వెనక వీధిలో కాలువ పరిస్థితి మా వీధికన్నా అధ్వానంగా ఉంది. అక్కడ ఉండేవారిలో ఎక్కువమంది భవన నిర్మాణ కూలీలు, బీడీలు చుట్టే మహిళలు. వాళ్లు మాకన్నా ముందే అర్జీ పెట్టుకున్నారు. జేసీబీ వాళ్ల వీధి మలుపు దాటుకునే మా వీధికి వచ్చి, అదే దారిన తిరిగి వెళ్లిపోయింది. ఇప్పుడు మా సంఘంలో సగంమంది, ఇకమీదట ప్రజావాణి చుట్టూ తిరగడం దండగ, సంఘం పేరుతో ఒక ఖాతా తెరిచి ఏ సమస్య వచ్చినా నేరుగా ట్యాగ్ చేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. వద్దనడానికి గట్టి కారణం చెప్పమంటే చెప్పలేకపోతున్నాను. ఇందులో అనుభవం ఉన్నవారు ఏమంటారు?

జవాబు: పాత టపా గుమాస్తా

నేను పురపాలక శాఖలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ అర్జీకి లోపల ఏం జరిగి ఉంటుందో చెబుతాను. అది తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

మీరిచ్చిన కాగితానికి ఇన్వార్డు నంబరు పడి, కమిషనరుగారి సంతకంతో ఇంజనీరింగ్ సెక్షన్‌కు వెళ్తుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి చూసి అంచనా తయారుచేయాలి, దానికి సాధారణ నిధిలో డబ్బుందో లేదో చూడాలి, మంజూరు తీసుకోవాలి, కాంట్రాక్టరుకు పని అప్పగించాలి, ఆ కాంట్రాక్టరుకు పాత బిల్లులు రాకపోయి ఉంటే అతను కొత్త పనికి ముందుకు రావాలి. ఇన్ని మెట్లున్న పని ప్రజావాణి గడువులో పూర్తి కాదు. పోర్టల్‌కేమో గడువు ఉంటుంది, వారం వారం జరిగే సమీక్షలో ఏ శాఖ దగ్గర ఎన్ని అర్జీలు పెండింగులో ఉన్నాయో పెద్ద తెర మీద చూపిస్తారు. అందువల్ల ‘అంచనా తయారీలో ఉంది, నిధుల లభ్యతను బట్టి పని చేపట్టబడును’ అని ఒక ఎండార్స్‌మెంట్ రాసి అర్జీని మూసేస్తారు. మీకు కనిపించిన ‘పరిష్కారమైంది’ అన్న మాటకు అర్థం, కాగితానికి జవాబు వెళ్లిందని మాత్రమే. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వ్యవస్థ సీపీగ్రామ్స్‌లో గడువు ఒకప్పుడు 60 రోజులుండేది. 2021లో 45కు, 2022లో 30కి, 2024 ఆగస్టులో 21కి తగ్గించారు. ఉద్దేశం మంచిదే. సిబ్బందినీ నిధులనూ పెంచకుండా గడువొక్కదాన్నే కుదిస్తే, పనికన్నా ముందు ఫైలును ముగించాలన్న తొందర పెరుగుతుంది.

ఇక ట్యాగ్ సంగతి. మీ కుర్రవాడి వీడియో పైవారి కంటపడగానే దాని స్క్రీన్‌షాట్ జిల్లా అధికారుల వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది, కింద ‘సాయంత్రంలోగా ఏటీఆర్ పంపండి’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. ఏటీఆర్ అంటే తీసుకున్న చర్యల నివేదిక. ఈ సందర్భంలో అది ఒక ఫొటో. అప్పుడు ఏఈ అంచనా వేస్తూ కూర్చోడు. మరో వార్డులో మంజూరై మొదలుకావలసిన పనికి తెచ్చిన సిమెంటు, ఇనుము, మనుషులు, యంత్రం అన్నీ మీ వీధికి మళ్లుతాయి. కాగితాలు తరువాత సర్దుకుంటారు. మీ వీధి బాగుపడిన మాట నిజమే. ఆ రోజు పని ఆగిపోయిన వార్డు ఏదో మీకు తెలియదు, ఆ వార్డువాళ్లకూ కారణం తెలియదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎమ్మెల్యేగారి సిఫారసు ఉత్తరం జత చేసిన అర్జీని విడిగా తీసి పైన పెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ ఉత్తరం స్థానంలోకి ఒక పేజీకున్న ఫాలోవర్ల సంఖ్య వచ్చింది. సిఫారసు ఎవరికైనా దొరుకుతుందన్నది ఒక్కటే తేడా, అదీ ఫోను, భాష, తీరిక ఉన్నవారికి. ఆఫీసు పనితీరు మాత్రం అంగుళం మారలేదు.

జవాబు: కువైట్ నుంచి రాయచోటి మనిషి

గుమాస్తాగారి మాట కాదనను. కానీ వరుసలో నిలబడే అవకాశమే లేనివాళ్ల సంగతి కూడా ఆలోచించాలి. సుష్మా స్వరాజ్‌గారు 2014 నుంచి 2019 వరకు విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు గల్ఫ్‌లోని మాలాంటి వారికి ట్విట్టర్ ఒక తలుపులా తెరుచుకుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కుపోయినవాళ్లు, జీతం రాక ఎడారిలో గొర్రెల మధ్య మిగిలిపోయినవాళ్లు, మృతదేహాన్ని ఊరికి పంపించలేక తల్లడిల్లిన బంధువులు ఆమెను ట్యాగ్ చేస్తే, ఆమె స్వయంగా జవాబిచ్చి రాయబార కార్యాలయానికి పురమాయించేవారు. అంగారక గ్రహం మీద చిక్కుకున్నా అక్కడి మన రాయబార కార్యాలయం సాయం చేస్తుందని 2017లో ఆమె సరదాగా రాసిన మాట ఇక్కడి క్యాంపుల్లో ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. అలాగే సురేశ్ ప్రభుగారు రైల్వే మంత్రిగా ఉండగా, నడుస్తున్న రైల్లోనుంచి పసిబిడ్డకు పాలు కావాలని ట్వీట్ చేస్తే వచ్చే స్టేషన్లో అందించిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. (ఆయన 2016లో రాజ్యసభకు ఎన్నికైంది మన ఆంధ్రప్రదేశ్ నుంచే.) రైలు కదులుతుంటే ఎవరు అర్జీ రాస్తారు, ఎక్కడ ఇన్వార్డు చేయిస్తారు?

2021 ఏప్రిల్‌ను తలుచుకోండి. కరోనా రెండో విజృంభణలో ఆక్సిజన్ సిలిండరు కోసం, ఆసుపత్రిలో పడక కోసం దేశమంతా ఫోన్లు పట్టుకుని పోస్టులు పెట్టింది. అమేఠీలో తాతకు ఆక్సిజన్ కావాలని ట్వీట్ చేసిన యువకుడి మీద పోలీసులు కేసు పెట్టారు. ఇంటర్నెట్‌లో కష్టం చెప్పుకునే పౌరుల నోరు నొక్కితే కోర్టు ధిక్కారంగా పరిగణిస్తామని అదే ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు హెచ్చరించవలసి వచ్చింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వరుస తప్పడం తప్పు కాదు. అసలు అలాంటి సమయానికి వరుసే పనికిరాదు.

అయితే మా వైపు ఉన్న ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. చదువు రాని కూలీ సెల్ఫీ వీడియోలో ఏడుస్తూ మాట్లాడితే అది ఊళ్లోని గ్రూపులన్నీ తిరిగి, రెండు రోజుల్లో ఎమ్మెల్యేదాకా చేరుతుంది. ఈలోగా అది కఫీల్ (వీసా ఇచ్చిన అక్కడి యజమాని) చేతికీ చేరుతుంది. గల్ఫ్ దేశాల్లో ఒక వ్యక్తిని పేరుపెట్టి ఆన్‌లైన్‌లో నిందించడం సైబర్ చట్టాల కింద నేరం కావచ్చు. జీతం రాలేదన్న ఫిర్యాదుదారు నిందితుడిగా మారిన తరువాత రాయబార కార్యాలయం చేయగలిగింది చాలా తగ్గిపోతుంది. అందుకే ఎవరైనా అడిగితే, ముందు విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరును మాత్రమే పోస్టులో పెట్టండి, యజమాని పేరు, ముఖం వీడియోలో వద్దు అని చెబుతుంటాం. ఆ పోర్టల్ 2015నుంచే ఉంది. మా క్యాంపుల్లో సగంమందికి దాని పేరు తెలియదు.

జవాబు: బడిపంతులమ్మ

ట్యాగ్ చేసినవారి వైపే జనం ఎప్పుడూ ఉంటారని మనం ఎందుకు అనుకుంటున్నామో నాకు అర్థం కాదు. 2018 జూన్‌లో లక్నోలో జరిగింది చూడండి. పాస్‌పోర్టు కార్యాలయంలో తమ మతాంతర వివాహం గురించి అవమానకరంగా మాట్లాడారని ఒక జంట ట్వీట్ చేసింది. మరునాటికల్లా పాస్‌పోర్టులు చేతికి వచ్చాయి, ఆ అధికారిని బదిలీ చేశారు. అంతవరకూ మీ స్లాబుల కథే. ఆ తరువాత గాలి తిరిగింది. వేరొక గుంపు ఆ అధికారి పక్షం వహించి, ఆ జంట చిరునామా, పెళ్లి, పేర్లు అన్నీ బజారుకీడ్చింది. పై మాటల్లో మనం మెచ్చుకున్న అదే సుష్మా స్వరాజ్‌గారిని రోజుల తరబడి నోటికొచ్చినట్టు తిట్టింది. ఆమె విసిగి, ఇలాంటి ట్రోలింగ్‌ను మీరు సమర్థిస్తారా అని ట్విట్టర్‌లోనే పోల్ పెట్టారు. 57 శాతం మంది సమర్థించబోమన్నారు, 43 శాతం మంది సమర్థిస్తామన్నారు. దేశ విదేశాంగ మంత్రిని, అందులోనూ ఆ మాధ్యమాన్ని ప్రజలకోసం అంత బాగా వాడిన మనిషిని, తిట్టడం సరైనదేనని ఓటేసినవాళ్లు నూటికి 43 మంది.

ఆ ఇద్దరికి జరిగిన అన్యాయం నిజమా కాదా, ఆ అధికారి నిబంధన ప్రకారమే అడిగాడా లేక హద్దు దాటాడా అన్నది విచారించి తేల్చవలసిన విషయం. విచారణ లేకుండా మరునాడే బదిలీ, మరునాడే పాస్‌పోర్టు. ఇటు ఫిర్యాదుదారుకూ న్యాయం స్థిరపడలేదు, అటు ఉద్యోగికి తన వాదన చెప్పుకునే అవకాశమూ రాలేదు. నేను ప్రభుత్వ ఉద్యోగినే కాబట్టి నాకిది కొంచెం ఎక్కువగా తగులుతుందేమో. తరగతిలో జరిగిన దానిలో పది సెకన్లు కత్తిరించి పెడితే ఏ టీచరైనా రాక్షసిలాగే కనిపిస్తుంది.

ఇంకొక చిన్న మాట. మీ సంఘం ఖాతా తెరిస్తే, సభ్యుల ఫోను నంబర్లు, ఆధార్ కాగితాలు, ఇంటి పన్ను కాగితాలు పోస్టుల్లో పెట్టనివ్వకండి. బ్యాంకునో, విద్యుత్ సంస్థనో ట్యాగ్ చేస్తూ ఫిర్యాదు పెట్టగానే, ఆ సంస్థ బొమ్మనే పెట్టుకున్న దొంగ ఖాతాలు ‘మీ నంబరు పంపండి, ఈ లింకు తెరవండి’ అంటూ ముందుగా వాలిపోతాయి.

జవాబు: సహచట్టం కార్యకర్త

చర్చ ‘ట్యాగా, అర్జీయా’ అన్న చోట ఆగిపోయింది. నా ఉద్దేశంలో మీ సంఘం అడగవలసింది వేరే ఉంది: పట్టణంలో విరిగిన కాలువల జాబితా ఎక్కడ ఉంది, అందులో ఏ వీధిది ఎన్నో స్థానం, ఆ స్థానాన్ని ఎవరు, దేన్ని బట్టి నిర్ణయించారు? ఆ జాబితా గోడ మీద ఉంటే ట్యాగ్ చేసినవాడు వరుస దాటితే నలుగురికీ తెలుస్తుంది. జాబితా కనబడనంతకాలం గట్టిగా అరిచినవాడిదే మొదటి స్థానం, ఆ అరుపు ప్రజావాణిలో వినిపించినా ఎక్స్‌లో వినిపించినా.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ప్రతి కార్యాలయం తన పనులు, బడ్జెట్టు, నిర్ణయాలు తీసుకునే పద్ధతి ఎవరూ అడగకముందే ప్రకటించాలని అందులోని 4వ సెక్షన్ చెబుతుంది. చాలాచోట్ల ఇది జరగదు. కనుక 6వ సెక్షన్ కింద అడగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంనుంచీ ఉన్న ఫీజు నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా లేదు. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి, ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం సమాచార కమిషన్‌కు ఉంది. ట్యాగ్‌కు జవాబివ్వకపోతే ఏ అధికారికీ ఏ శిక్షా లేదు. పది రూపాయల కాగితానికి ఉన్న ఆ పట్టు లక్షమంది చూసిన వీడియోకు లేదు.

మీ విషయంలో నేనైతే ఇలా అడుగుతాను. ఒకటి, మీ అర్జీ, వెనక వీధి అర్జీ ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లాయి, వాటిని మూసివేస్తూ రాసిన ఎండార్స్‌మెంట్ల నకళ్లు ఇవ్వండి. రెండు, మీ వీధిలో ఒక్కరోజులో చేసిన పనికి అంచనా, మంజూరు ఉత్తర్వు, ఎంబీ పుస్తకంలోని (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీల నకళ్లు ఇవ్వండి. మూడు, పని జరిగిన చోటును, దాని రికార్డులను తనిఖీ చేయడానికి ఒక తేదీ ఇవ్వండి. తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉన్నాయి. తొందరలో పోసిన స్లాబు ఎన్నాళ్లుంటుందో తెలుసుకోవడం మీకూ అవసరం. ‘ఎందుకు చేయలేదు’ అని మాత్రం అడగకండి. వివరణ అడిగితే అది సమాచారం కాదని తోసిపుచ్చుతారు. ఉన్న కాగితం అడిగితే తప్పించుకోలేరు.

2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు అని నాలుగు కమిటీలు ఉండాలని చెప్పింది, ఒక్కోదానిలో 15 మంది. మీ వార్డులో ఆ 60 మంది ఎవరో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో కూడా అదే దరఖాస్తులో అడగవచ్చు. వెనక వీధి మహిళల్లో ఒక్కరైనా ఆ జాబితాలో ఉన్నారేమో చూడండి.

ప్రశ్న అడిగినవారి స్పందన: కాలనీవాసి

అందరికీ ధన్యవాదాలు. మా సంఘం నిన్న కూర్చుంది. ఖాతా తెరవాలన్నవాళ్లు వెనక్కి తగ్గలేదు, నేనూ పట్టుబట్టలేదు. అర్జీ ఇచ్చి నంబరు తీసుకోకుండా ఏ పోస్టూ పెట్టకూడదని, పెట్టిన ప్రతి పోస్టులో అర్జీ తేదీ, నంబరు ఉండాలని మాత్రం ఒప్పుకున్నారు. సహచట్టం దరఖాస్తు వెనక వీధివాళ్ల పేరు మీదే వేయిద్దామనుకున్నాం. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ స్థలం అనుమతి లేని లేఅవుట్ అని, అందువల్ల అక్కడ కాలువ పనికి పురపాలక నిధులు వాడటం కుదరదని ఒక ఉద్యోగి నోటిమాటగా చెప్పి పంపారట. కాగితం మీద ఏమీ ఇవ్వలేదు. ఇది నిజమేనా? నిజమైతే ఇక అడిగి ప్రయోజనం ఏమిటి? టపా గుమాస్తాగారు ఒక మాట చెబితే బాగుంటుంది.

జవాబు: పాత టపా గుమాస్తా

నోటిమాటను లెక్కలోకి తీసుకోకండి. అనుమతి లేని లేఅవుట్ అన్న కారణంతో పనులు వాయిదా వేయడం ఉన్నదే, కొన్నిచోట్ల అందుకు ఆధారమూ ఉంటుంది. కానీ ఆ ఇళ్లకు ఇంటి నంబర్లు వేసి ఉంటే, అనుమతి లేదన్న కారణం మీద ఆస్తిపన్నుకు జరిమానా కూడా కలిపి వసూలు చేస్తూ ఉంటే, పన్ను కట్టించుకోవడానికి అడ్డురాని లేఅవుట్ కాలువ దగ్గరే ఎందుకు అడ్డొచ్చిందో కార్యాలయం కాగితం మీద చెప్పాలి. చాలామంది అధికారులు అది రాసివ్వడానికి వెనకాడతారు, రాయలేకనే కొన్నిసార్లు పని కూడా మొదలుపెడతారు.

కనుక అర్జీలో లేఅవుట్ ఊసు మీరుగా ఎత్తకండి. వీధిలోని ఇళ్ల నంబర్లు, గత మూడేళ్ల పన్ను రసీదుల జిరాక్సులు, విరిగిన చోట్ల ఫొటోలు జతచేయండి. కాలువ పొంగి పక్క వీధుల్లోకి కూడా నీరు వస్తుంటే ఆ సంగతి రాయించి, మీ సంఘం సంతకాలు కూడా కింద పెట్టండి. పారిశుద్ధ్య సమస్య అన్న మాట పడితే అది ఇంజనీరింగ్ సెక్షన్‌తోపాటు శానిటరీ ఇన్‌స్పెక్టరు బల్ల మీదికీ వెళ్తుంది. రెండు బల్లల మీద ఉన్న ఫైలును మూసేయడానికి రెండు సంతకాలు కావాలి. నిధుల్లేవంటారా, ఆ మాటనే ఎండార్స్‌మెంట్‌గా అడిగి తీసుకోండి. వచ్చే బడ్జెట్టు సమావేశానికి ముందు మీ కౌన్సిలరు చేతిలో పెట్టడానికి అది పనికొస్తుంది.